సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా: రేపటి కథలో భయం ఎక్కడుంది?

#1 కృష్ణవేణి_రాతలు

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా ఒక కథ పట్టుకుని కూర్చున్నాను, ముందుకు కదలడం లేదు. 2041లో జరిగే కథ. మనుషుల్ని టెక్నాలజీతో గుప్పిట్లో పెట్టుకున్న సమాజం. ఇలాంటివాటిని డిస్టోపియా అంటారు కదా, తెలుగులో నాకు నచ్చిన మాట ఇంకా దొరకలేదు. మొదలు ఇలా రాశాను:

"ఆకాశం నిండా డ్రోన్లు. ప్రతి కూడలిలో మహానేత నిలువెత్తు తెర. పౌరుల మెడ వెనక చిప్ ఎర్రగా వెలుగుతోంది. 7743 నంబరు పౌరుడు తల దించుకుని నడుస్తున్నాడు. అతని విశ్వాసాంకం ఈ ఉదయం నాలుగు పాయింట్లు పడిపోయింది."

మా అక్కకి చదివి వినిపించాను. ఆమె అంగన్‌వాడీ టీచర్. చివరిదాకా విని, "బాగానే రాశావు గానీ నాకు భయం వెయ్యలేదే. ఇదంతా ఎవరికో, ఎక్కడో జరుగుతున్నట్టుంది" అంది. అప్పట్నుంచీ ఒక్క వాక్యం రాయలేకపోయాను. ఆమె అన్నది నిజం. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి. మొహమాటపడకండి.

#2 పాతపుస్తకాలు

అమ్మా కృష్ణవేణీ, మీ అక్కగారు ఒక్క ముక్కలో అసలు సంగతి పట్టుకున్నారు. డ్రోన్లు, మహానేత తెర, నంబరు పేరున్న పౌరుడు, ఇవన్నీ వేరేవాళ్ళ భయాలు. వాళ్ళ కాలంలో వాళ్ళకి సొంతమైన భయాలు. మనం తెచ్చుకుంటే అరువు చొక్కాలా వేలాడతాయి.

ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు సాహిత్యం పాఠం చెప్పినవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గా చెబుతాను, ఓపిక పట్టండి. నంబర్లే పేర్లుగా ఉన్న జనాన్ని నవలలోకి తెచ్చినవాళ్ళలో ముందు చెప్పుకోవలసిన మనిషి యెవ్గెనీ జమ్యాతిన్. రష్యన్. ఓడల ఇంజినీరు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1916లో ఇంగ్లండు వెళ్ళి, న్యూకాజిల్ ప్రాంతపు షిప్‌యార్డుల్లో రష్యా కోసం కడుతున్న ఐస్‌బ్రేకర్ల (మంచు పగలగొట్టుకుంటూ వెళ్ళే ఓడల) పని చూసుకున్నాడు. సైరన్ కొడితే వేలమంది ఒక్కసారిగా లోపలికి, సైరన్ కొడితే ఒక్కసారిగా బయటికి వచ్చే లోకాన్ని రోజూ దగ్గర్నుంచి చూసిన మనిషి. ఇంటికి వెళ్ళేసరికి విప్లవం. 1920-21లో ‘మేము’ నవల రాశాడు. అందులో అందరూ గాజు ఇళ్ళలో ఉంటారు. ఒక్కో ముద్ద యాభైసార్లు నమలాలి, అదీ అందరూ ఒకే లెక్కలో. ఆ పుస్తకం 1924లో న్యూయార్క్‌లో ఇంగ్లీషులో వచ్చింది. సోవియట్ దేశంలో అచ్చవడానికి 1988 దాకా పట్టింది. అప్పటికి ఆయన పోయి యాభై ఏళ్ళు.

ఇక ‘1984’ రాసిన జార్జ్ ఆర్వెల్. పుట్టింది మన బీహార్ మోతీహారిలో, 1903లో. తండ్రి నల్లమందు శాఖలో ఉద్యోగి. తను 1922 నుంచి ఐదేళ్ళు బర్మాలో తెల్లదొరల పోలీసు అధికారిగా పనిచేశాడు. అంటే ఇతరుల మీద కన్నేసి ఉంచే కుర్చీలో తను కూర్చుని చూశాడు. ‘మేము’ని చదివి 1946లో దాని మీద వ్యాసం రాశాడు. తర్వాత మూడేళ్ళకి, 1949 జూన్‌లో తన నవల వచ్చింది.

నేను చెప్పేదల్లా ఇంతే. వాళ్ళిద్దరూ గాలిలోంచి ఊహించలేదు. కళ్ళ ముందున్నదాన్నే ఇంకాస్త ముందుకి జరిపారు. మీ కళ్ళ ముందు ఏముందో చెప్పండి, అక్కడ మొదలుపెడదాం.

#3 రాత్రిబస్సు

కళ్ళ ముందు చైనా ఉంది కదా సార్. అక్కడ ప్రతి మనిషికీ ఒక స్కోరు. రోడ్డు అడ్డంగా దాటితే పాయింట్లు కట్, మంచి పని చేస్తే పాయింట్లు యాడ్. కృష్ణవేణి అక్క రాసిన విశ్వాసాంకం అదే. ఆల్రెడీ ఉన్నదే కాబట్టి కొత్తగా అనిపించలేదేమో.

#4 వైజాగ్_రేవు

రాత్రిబస్సు తమ్ముడూ, చైనా సరుకు దింపే పనిలో పదేళ్ళుగా అక్కడికి వెళ్ళొస్తున్నాను. అందరూ అనుకునేదానికీ ఉన్నదానికీ తేడా ఉంది. 2014లో వాళ్ళ ప్రభుత్వం సోషల్ క్రెడిట్ ప్రణాళిక ప్రకటించిన మాట నిజమే. కానీ దేశం మొత్తానికీ ఒకే స్కోరు, ప్రతి మనిషికీ ఒక అంకె అనేది లేదు. షాన్‌డాంగ్ రాష్ట్రంలో రోంగ్‌చెంగ్ అనే ఊళ్ళో తలా వెయ్యి పాయింట్లతో మొదలుపెట్టి కూడికలు తీసివేతలు చేశారు, మనం విన్న కథలు చాలావరకు అలాంటి ఊళ్ళవే. దేశమంతటా గట్టిగా కొరికేది కోర్టువాళ్ళ ఎగవేతదారుల జాబితా, 2013 నుంచి ఉంది. తీర్పు ప్రకారం కట్టాల్సిన డబ్బు కట్టనివాడి పేరు అందులో ఎక్కితే విమానం టికెట్టు రాదు, స్పీడ్ రైలు టికెట్టు రాదు.

కథకి నాకు పనికొచ్చేదిగా అనిపించింది ఆ టికెట్టు సంగతే. ఎవరూ చెయ్యి చేసుకోరు, కేకలెయ్యరు. కౌంటర్ దగ్గర టికెట్ రాదు, అంతే. వెనక లైన్లో ఉన్నవాళ్ళు విసుక్కుంటూ ఉంటారు.

#5 ఉపాధి_మేటు

నేను కథలు రాసేవాణ్ణి కాదు, చదువుతా. మహబూబ్‌నగర్ దిక్కు మా ఊళ్ళో ఉపాధి హామీ పనికి మేటుగా చేసిన, అంటే కూలీల హాజరేసి పని చూసుకునేటోణ్ణి. కళ్ళ ముందు ఏముంది అని సారు అడిగిండు కాబట్టి చెప్తున్న.

2023 జనవరి 1 నుంచి పని జాగాల హాజరు ఫోన్ల యాప్‌లనే వెయ్యాలన్నరు. దినానికి రెండు ఫోటోలు. పొద్దున ఒకటి, పని అయినంక ఒకటి. ఫోటోల టైము పడ్తది, జాగ పడ్తది. ఎండాకాలం మా కూలీలు అయిదింటికే వచ్చి గట్టి మన్ను తవ్వి పదింటికి కొలత పూర్తి చేస్తరు. కానీ రెండో ఫోటో అప్పుడే తియ్యనియ్యదు, టైము కావాలె. అందుకని ఏం చేస్తరు? తుమ్మచెట్టు కింద ఇంత నీడ ఉంటది, దాన్ల నలభై మంది తలకు టవాల కట్టుకొని కూసుంటరు. పనికి కాదు, ఫోటోకి. ఒక ముసలామె ఇంటికాడ పసిపిల్లను ఒంటరిగా ఇడిసి వచ్చింది, పోతనంటది. "పో అవ్వా" అని నేనెట్ల చెప్పాలె? రెండో ఫోటోల లేకుంటే ఆ దినం కూలి రాదు. ఆమె చేసిన పని ఆ గుంతల కనబడ్తనే ఉంది. గుంత సాక్ష్యం చెల్లదు, ఫోటో సాక్ష్యం చెల్లుతది.

సిగ్నల్ లేకుంటే గుట్ట ఎక్కేటోణ్ణి. అప్‌లోడ్ గిర్రున తిరుగుతనే ఉండేది. కింద నలభై మంది నా దిక్కే చూసేటోళ్ళు. వాళ్ళ కూలి నా బొటనవేలు కింద ఉన్నట్టుండేది. నేను ఎవ్వరి మీద పెత్తనం చెయ్యాలనుకోలె. అయినా ఆ చూపులు ఇప్పటికీ మర్చిపోలె.

#6 తెనాలి_టు_డాలస్

మేటు అన్నా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. గుంత సాక్ష్యం చెల్లదు అన్నమాట గుండెల్లో గుచ్చుకుంది.

నాది వేరే కోణం. నియంత్రణ అంటే పైనుంచి తొక్కేదే కానక్కర్లేదు, మనమే ఇష్టపడి లోపలికి నడిచివెళ్ళేది కూడా ఉంటుంది. ‘ఎ పాసేజ్ టు ఇండియా’ రాసిన ఇ. ఎం. ఫార్‌స్టర్ 1909లో ‘ది మెషీన్ స్టాప్స్’ అని ఒక పెద్ద కథ రాశాడు. అప్పటికి టీవీ కూడా లేదు. ఆ కథలో జనం భూమి కింద గదుల్లో విడివిడిగా ఉంటారు. బటన్ నొక్కితే తిండి, బటన్ నొక్కితే సంగీతం, చేతిలో పలక లాంటిదాంట్లో అవతలివాళ్ళ మొహం. తల్లి భూమికి ఒకవైపు, కొడుకు రెండోవైపు. కొడుకు నువ్వు నా దగ్గరికి రా అంటాడు. నిన్ను చూస్తూనే ఉన్నాను కదా, ఇంకేం కావాలి అంటుంది తల్లి. పలకలో నీలాంటిదేదో కనిపిస్తోంది కానీ నువ్వు కనిపించడం లేదు అంటాడు కొడుకు.

నేను ఇది మొదటిసారి చదివింది మా అమ్మతో వీడియో కాల్ పెట్టేసిన రాత్రి. ఆమె తెనాలిలో, నేను ఇక్కడ. మా ఇద్దరి విషయంలో పాత్రలు తిరగబడ్డాయి. "ఒకసారి వచ్చి వెళ్ళరా" అనేది ఆమె, "చూస్తూనే ఉన్నాం కదమ్మా" అనేది నేను. అప్పట్నుంచి ఆ మాట నా నోటికి రావడం మానేసింది. ఏ పోలీసూ నన్ను ఆపలేదు, నేనే వెళ్ళలేదు. కృష్ణవేణి గారూ, మీ కథలో బలవంతం లేని చోటు ఒకటైనా ఉండేట్టు చూడండి.

#7 నల్లరేగడి

అందరూ ఒకే పాట పాడుతున్నారు కాబట్టి నేను అడ్డం తగులుతున్నాను. కోపం లేదు, కానీ చెప్పాల్సిందే.

టెక్నాలజీ వచ్చి మనిషి మీద నిఘా పెట్టింది అంటారు. మా వాడలో పుట్టినవాళ్ళకి నిఘా లేని కాలం ఎప్పుడుందండీ? నంద్యాల దగ్గర మా తాత ఊళ్ళోకి చెప్పులేసుకుని వెళితే సాయంత్రానికి రచ్చబండ దగ్గర పంచాయితీ. ఎవరింటికి ఎవరు వచ్చారు, ఎవరు కొత్త చొక్కా వేశారు, ఎవరి పిల్ల ఎవరితో మాట్లాడింది, అన్నీ ఊరికి తెలుసు. కెమెరా అక్కర్లేదు, ఊరే కెమెరా. జరిమానా కట్టించుకోవడానికి యాప్ అక్కర్లేదు. మీరు 2041లో వస్తుందని భయపడుతున్న లోకంలో మావాళ్ళు ఎన్ని తరాలు బతికారో లెక్క లేదు.

నా చిన్నప్పుడు రేషన్ డిపోలో డీలరు మా కార్డు తనే పెట్టుకునేవాడు. బియ్యం వచ్చిందో లేదో ఆయన చెబితేనే తెలుస్తుంది. సగం బస్తాలు ఎటు పోయేవో ఊరందరికీ తెలుసు, అడిగే నోరు లేదు. వేలిముద్ర మెషీన్ వచ్చాక ఎంత వచ్చిందో స్లిప్పు మీద పడింది. ఈ డిపో కాకపోతే పక్క డిపోలో తీసుకునే వీలొచ్చింది. మా అమ్మ ఆ స్లిప్పులు దాచిపెట్టుకునేది, చదవడం రాకపోయినా. పించను కోసం ఒకరి గుమ్మం ముందు నిలబడే బాధ తప్పింది.

కాబట్టి కథ రాసేటప్పుడు "ఒకప్పుడు మనుషులు స్వేచ్ఛగా ఉండేవారు, తర్వాత మెషీన్ వచ్చింది" అని మాత్రం రాయకండి. అది మా కథ కాదు.

#8 పాతపుస్తకాలు

నల్లరేగడి గారూ, మీరు అడ్డం తగలలేదు, దారి సరిచేశారు. నేను ప్రస్తావించిన నవలల్లో ఈ సంగతి లేదు. ఉండదు కూడా. అవి రాసినవాళ్ళు ఉన్న స్వేచ్ఛ పోతుందని భయపడ్డవాళ్ళు.

#9 చీరాల_నేత

మాది చీరాల. స్టువర్టుపురం మాకు దగ్గరే. నల్లరేగడి గారి పోస్టు చూశాక ఇది రాయకుండా ఉండలేకపోయాను.

1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. కొన్ని కులాలు, తెగలు పుట్టుకతోనే నేరస్థులని ఆ చట్టం ఉద్దేశం. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. మన దగ్గర ఎక్కువగా దెబ్బతిన్నది ఎరుకల వాళ్ళు. వాళ్ళని తెచ్చి సెటిల్‌మెంట్లలో పెట్టారు. స్టువర్టుపురం అలాంటిదే, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ వాళ్ళ చేతికిచ్చారు. పేరేమో మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ దొరది. రిజిస్టర్లో పేరెక్కినవాడి వేలిముద్రలు తీసుకునేవాళ్ళు. పిలిచినప్పుడు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. దొంగతనం చేసినవాడా కాదా అన్న ప్రశ్నే లేదు, ఆ ఇంట్లో పుట్టాడా లేదా అన్నదే లెక్క. దేశానికి స్వతంత్రం వచ్చాక కూడా ఐదేళ్ళు పట్టింది. 1952 ఆగస్టు 31న గానీ ఆ ముద్ర చట్టం నుంచి పోలేదు. జనం నోటి నుంచి ఇప్పటికీ పోలేదు.

వేలిముద్రల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మనిషిని వేలిముద్రతో గుర్తుపట్టే ఆ పద్ధతి పాలనలోకి వచ్చింది మన దేశంలోనే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే దొర ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందం కాగితం మీద అరచెయ్యి అచ్చు వేయించుకున్నాడు, తర్వాత మాట తప్పకుండా. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడగొట్టే లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగులు. ఆ పద్ధతికి పేరు మాత్రం వాళ్ళ పై అధికారి హెన్రీది.

అందుకే ఈ కథకి విదేశీ సినిమాల దాకా వెళ్ళక్కర్లేదు. హాజరు పట్టీ మన పక్క ఊళ్ళోనే ఉంది.

#10 ఖమ్మం_పద్మ

నేను ఎప్పుడూ చదివి వెళ్ళిపోతాను, ఇవాళ రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి.

2010 ముందు మా వాడకట్టులో ఒక ఫైనాన్సు కంపెనీ అప్పులిచ్చేది. పేరు వద్దులెండి. అయిదుగురు ఆడవాళ్ళు ఒక గ్రూపు, అలాంటి గ్రూపులు కొన్ని కలిస్తే ఒక సెంటరు. వారంవారం పొద్దున్నే మీటింగు. తాకట్టు ఏమీ అడిగేవారు కాదు. ఒకరు కట్టకపోతే మిగతా నలుగురు కట్టాలి. ఇదే తాకట్టు.

నేను గ్రూపు లీడర్ని. ఒక వారం మా గ్రూపులో ఒకామె మీటింగుకి రాలేదు. భర్తకి కామెర్లు, చేతిలో రూపాయి లేదు. కంపెనీ అబ్బాయి చాప మీద కూర్చుని పుస్తకం తెరిచి పెట్టి, "నాకు తొందరేం లేదక్కా, అందరి డబ్బూ వచ్చాకే లేద్దాం" అన్నాడు. అరవలేదు. తిట్టలేదు. పన్నెండయింది. అందరూ కూలికి పోవాల్సినవాళ్ళు. అప్పుడు మేమే లేచాం. మేమే ఆమె ఇంటికి వెళ్ళాం. ఆమె తలుపు తియ్యకపోతే తట్టిన చెయ్యి నాది. ఆమె ఇత్తడి బిందె బయటికి తెచ్చింది కూడా మాలో ఒకరే. ఆమె నా చిన్నప్పటి స్నేహితురాలు.

2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఈ వసూళ్ళకి కట్టడి పెట్టింది. అప్పులు ఆగిపోయాయి. ఆమె నాతో మాట్లాడటం కూడా అప్పుడే ఆగిపోయింది, ఇప్పటిదాకా.

కృష్ణవేణీ, మీ కథలో స్కోరు ఒక్కో మనిషికీ విడిగా పెట్టారు. అలా పెట్టకండి. పది ఇళ్ళకి కలిపి ఒక స్కోరు పెట్టండి. అప్పుడు డ్రోన్లు అక్కర్లేదు. మీకు నా మాట అర్థమవుతుందనుకుంటున్నాను.

#11 కృష్ణవేణి_రాతలు

పద్మక్కా, అర్థమైంది. చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు ఈ సంగతి ఇక్కడ చెప్పినందుకు చేతులెత్తి దండం పెడుతున్నాను.

పాతపుస్తకాలు మాస్టారు అడిగిన ప్రశ్నకి ఇప్పుడు జవాబు చెప్పగలను. నా కళ్ళ ముందున్నది మా అమ్మమ్మ చెయ్యి. పెళ్ళినాటికి ఆమెకి అక్షరం రాదు. ఎక్కడ కాగితం ఇచ్చినా బొటనవేలికి సిరా పూసి వేలిముద్ర. వేలిముద్ర అంటే ఆ రోజుల్లో ఒక అవమానం కదా, చదువురానివాణ్ణి వేలిముద్రగాడు అని తిట్టేవాళ్ళు. యాభై ఏళ్ళ వయసులో రాత్రిబడికి వెళ్ళి సంతకం నేర్చుకుంది. లాంతరు దగ్గర పలక మీద తన పేరు నాలుగక్షరాలు, దిద్దీ దిద్దీ. బ్యాంకులో మొదటిసారి సంతకం పెట్టిన రోజు ఇంటికి వచ్చి పాయసం వండింది.

డెబ్బై ఏళ్ళు దాటాక ఆమెని మళ్ళీ బొటనవేలు పెట్టమన్నారు. సంతకం పెడతానంది. కుదరదన్నారు. పెడితే ముద్ర పడలేదు. జీవితమంతా మిరపకాయలు కోసి, అంట్లు తోమి గీతలన్నీ అరిగిపోయాయి. ఒక్కో వేలూ తుడిచి తుడిచి పదిసార్లు పెట్టించారు. అక్కడున్న అబ్బాయి మంచివాడే. "సిస్టమ్ తీసుకోవట్లేదమ్మా" అన్నాడు. అమ్మమ్మ అతన్ని అడిగింది: "నేను ఫలానా అని నీకు తెలుసు గదా నాయనా?" "నాకు తెలుసమ్మా. నాకు తెలిస్తే లాభం లేదు" అన్నాడు.

ఇన్నాళ్ళూ దీన్ని వదిలేసి మహానేత తెరల గురించి రాశాను.

#12 రాత్రిబస్సు

అక్కా, చైనా పోస్టు నాదే, తొందరపడ్డాను. ఇది మాత్రం నా పని గురించి కాబట్టి ఖాయంగా చెప్పగలను.

నేను డేటా మ్యాచింగ్ చేస్తాను. రెండు జాబితాలిస్తారు, ఇందులో ఉన్న మనిషీ అందులో ఉన్న మనిషీ ఒకరేనా అని మెషీన్ తేల్చాలి. అది "అవును" "కాదు" అని చెప్పదు. 0.87 అనో 0.91 అనో ఒక అంకె ఇస్తుంది. ఎక్కడ గీత గీయాలన్నది మనం ఒక మీటింగులో నిర్ణయిస్తాం. 0.85 దాటితే ఒకే మనిషి అనుకుందాం అంటారు, టీ తాగి లేస్తారు. ఇక మన పేర్లు చూడండి. ఏ ఊళ్ళో చూసినా వెంకటేశ్వర్లు, వెంకటేశ్వరరావు, వెంకటయ్య పదిమంది. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కో ఆఫీసులో ఒక్కోలా ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒట్టి పొడి అక్షరం. అలాంటి పేర్ల మీద ఆ గీత.

తెలంగాణలో సమగ్ర వేదిక అని ఇలాంటి వ్యవస్థే ఉంది. వేర్వేరు శాఖల రికార్డులు కలిపి, పథకానికి ఎవరు అర్హులో కాదో చూడటానికి వాడారు. రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డుల మీద మళ్ళీ ఇంటింటికీ వెళ్ళి చూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో పాత్రికేయులు బయటపెట్టిన ఒక కేసులో, రిక్షా తొక్కిన ఒకాయన పేరు మీద కారున్నట్టు తేలింది. పేరు దగ్గరగా ఉన్న ఇంకొకాయన కారు అది. ఆ వార్త చదివిన రోజు నేను నా స్క్రీన్ వైపు కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. నేను గీసిన గీత అవతల ఎవరున్నారో నాకు ఎప్పటికీ తెలియదు.

మీ కథలో విలన్ కావాలంటే నన్ను పెట్టుకోండి. నిజంగానే అంటున్నాను. ఎవరికీ చెడు చెయ్యాలనుకోని, జీతం తీసుకునే, సాయంత్రం బస్సు కోసం పరుగెత్తే మనిషి.

#13 కృష్ణవేణి_రాతలు

నాలుగు రోజులైంది. మొదటి ప్రతి చించేశాను. ఊరి పేరు పెట్టలేదు, పల్నాడు వైపు అనుకోండి. ఇదీ కొత్త మొదలు:

"కోటమ్మ డిపో ముందు చెప్పులు విడిచింది. ఎవరూ విడవమనలేదు. లోపల మనుషులున్నప్పటి అలవాటు.

గోడలో అద్దమంత తెర వెలిగింది. ‘రా పెద్దమ్మా, ఎండన పడొచ్చావు. కాసిని మంచినీళ్ళు తాగుతావా?’ అంది. వాళ్ళ యాసే. వాళ్ళ ఊరి ఆడపిల్ల గొంతే. మూడేళ్ళ క్రితం ఇంటింటికీ తిరిగి మాటలు రికార్డు చేసుకున్నారు, అందరూ సంతోషంగా పలికారు. ఆ గొంతులో తమ కోడలి గొంతు కూడా కొంచెం ఉందేమోనని కోటమ్మకి అనుమానం.

చెయ్యి పెట్టింది. తెర ఒక నిమిషం ఆలోచించింది.

‘పెద్దమ్మా, నీ చెయ్యి పలకట్లేదు. మొహం కూడా పోయిన నెల మొహంతో కలవట్లేదు. ఒళ్ళు బాగాలేదా?’

‘పళ్ళు ఊడినయ్యమ్మా. దవడలు లోపలికి పోయినయ్.’

‘అయ్యో పాపం. ఇంటికాడ జాగ్రత్తగా ఉండు. నీ గడపల గుంపులో ఇంకో తొమ్మిది ఇళ్ళున్నాయి. వాళ్ళలో ముగ్గురు నువ్వు నువ్వేనని చెబితే సరిపోతుంది. కానీ తర్వాత అది తప్పని తేలితే వాళ్ళ పాయింట్లు పోతాయి. ఆ సంగతి వాళ్ళకి ముందే చెప్పడం మన ధర్మం కదా?’

అరుగు మీద డిపో కుర్రాడు కూర్చుని ఉన్నాడు. సరుకు దింపడమే వాడి పని. కోటమ్మ వాణ్ణి బొడ్డు కోసిన రోజు నుంచీ ఎరుగును. మంత్రసాని ఆమే. వాడి వైపు చూసింది. వాడు కాళ్ళ దగ్గర రాలిన బియ్యపు గింజ ఒకటి కాలితో అటూ ఇటూ దొర్లిస్తూ ఉండిపోయాడు.

కోటమ్మ ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకుంది. తొమ్మిది గడపలు. ఏ గడపతో మొదలుపెట్టాలి?"

#14 ఉపాధి_మేటు

అక్కా, ఆ పిల్లగాని దగ్గర ఆగిపోయిన. గుట్ట మీద నేను అట్లనే నిలబడ్డ. ఒకటి చెప్పాలె, వాడు గింజను కాలితో దొర్లియ్యడు. పల్లె పిల్లగాడు బియ్యాన్ని కాలితో తాకడు. వంగి ఏరుకుంటడు, చేతుల పట్టుకొని ఏం చెయ్యాల్నో తెల్వక నిలబడ్తడు.

#15 కృష్ణవేణి_రాతలు

మార్చేశాను అన్నా. వాడు గింజ ఏరుకుని గుప్పిట్లో పట్టుకుంటాడు. నా కంటికి ఎందుకు ఆనలేదో!

#16 నల్లరేగడి

బాగుంది. నేననుకున్నదానికన్నా బాగుంది. ఒక్క సంగతి తేల్చండి. తొమ్మిది గడపలు అన్నారు, ఆ తొమ్మిదీ ఎవరివి? మెషీన్ ఇళ్ళని గుంపులు చేసేటప్పుడు వరసగా కలిపిందా, కులం చూసి కలిపిందా? కులం అని ఎక్కడా రాసి ఉండకపోవచ్చు. వీధి పేరు చూసినా, కరెంటు బిల్లు చూసినా అదే తేలుతుంది. కోటమ్మ ఊళ్ళోవాళ్ళ గుమ్మం తట్టగలదా, వాడలోనే తిరగాలా? దాన్నిబట్టి కథ మారిపోతుంది. ఇంకోటి, ఆమె మంత్రసాని అన్నారు. అంటే అన్ని ఇళ్ళలోకీ వెళ్ళిన మనిషి. ఊళ్ళో సగం మందిని మొదట పట్టుకున్న చేతులు అవి. ఆ చేతులే పలకడం లేదంటోంది మెషీన్. ఇది మీకు తెలిసే రాశారా?

#17 కృష్ణవేణి_రాతలు

చేతుల సంగతి తెలియకుండానే వచ్చింది, మీరు చెప్పాకే చూశాను. గుంపుల సంగతి అసలు ఆలోచించలేదు. కూర్చుంటాను.

#18 తెనాలి_టు_డాలస్

ఆ గొంతు దగ్గర ఒళ్ళు జలదరించింది. కసురుకుంటే తిరగబడొచ్చు. "ఎండన పడొచ్చావు" అన్నవాళ్ళ మీద ఎలా తిరగబడతాం?

కొడుకు ఎక్కడున్నాడు? కోడలు ఉందన్నారు కదా. దూరదేశంలో ఉంటే దయచేసి అతన్ని చెడ్డవాడిగా రాయకండి. ఈ నెలలో నేను టికెట్టు బుక్ చేసుకున్నాను.

#19 ఖమ్మం_పద్మ

ముగ్గురు దొరుకుతారా ఆమెకి?

#20 కృష్ణవేణి_రాతలు

పద్మక్కా, నిన్న రాత్రి మా అక్కకి మళ్ళీ చదివి వినిపించాను. ఈసారి భయం వేసిందా లేదా అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. అన్నం కలుపుతూ వింటోంది. అయిపోయాక చెయ్యి అలాగే కంచంలో ఉంచి, "మరి ఆ రాత్రి ఆవిడ ఏం తిందే?" అంది.

నేను రాయలేదు. పక్కింటివాళ్ళు ఏదో ఒకటి పెడతారులే అన్నాను. "పెడితే వాళ్ళ పాయింట్లు పోవూ?" అంది.

పిల్లలు పడుకున్నాక ఆ భాగం మొదలుపెడతాను. పక్కిల్లు ఎవరిదో ముందు తేల్చుకోవాలి.